ఏడుగురు దిగారు, ఆరుగురే ఉన్నారు: కార్తీక పౌర్ణమి నాడు తీరంలో మా స్కౌట్ల కాపలా

2023 నవంబర్ 27. కార్తీక పౌర్ణమి, పైగా సోమవారం. రెండూ ఒకే రోజు పడితే బాపట్ల జిల్లా తీరానికి జనం ఎలా వస్తారో ఇటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఉదయం 7 గంటల 12 నిమిషాలకు మా లాగ్ పుస్తకంలో ఒక పదమూడేళ్ల గైడ్ (స్కౌటింగులో ఆడపిల్లలను గైడ్‌లంటారు) రాయించిన మాట ఇది: "మూడో గెడ దగ్గర ఏడుగురు దిగారు. ఆరుగురే ఉన్నారు." గెడలంటే ఒడ్డున గుర్తుకోసం మేం పాతిన కర్రలు.

ఆ మాట చెవిన పడ్డాక నేను చేసిన మొదటి పనే తప్పు. పిల్లలకు ఆరు ఆదివారాలు శిక్షణ ఇచ్చిన మనిషిని, తీరా వాళ్లు నేర్చుకున్నది చేసి చూపిస్తే నమ్మలేదు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని, పదకొండేళ్లుగా స్కౌట్ మాస్టర్ని. బీచ్ పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఆ కుటుంబం వద్దంది.

ఎందుకు మొదలుపెట్టాం

మా బడి సముద్రానికి తొమ్మిది కిలోమీటర్ల దూరం. క్లాసులో రెండు రకాల పిల్లలు ఉంటారు. పాలెం, అంటే తీరంలోని జాలర్ల ఊరు, అక్కడి నుంచి వచ్చే పిల్లలకు సముద్రం ఇంటి పెరడు. మిగతా ఊళ్ల పిల్లలకు అది ఏడాదికి రెండుసార్లు ఆటోలో వెళ్లి మునిగి వచ్చే చోటు. స్నానానికి వచ్చే జనంలో ఎక్కువమంది ఈ రెండో రకమే. గుంటూరు నుంచో నరసరావుపేట నుంచో తెల్లవారుజామున వచ్చి, చీకట్లోనే దిగి, దీపం వదిలి, ఇంట్లో వాళ్ల పేర్లన్నీ చెప్పుకుని మునుగుతారు. కాళ్ల కింద ఇసుక ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో వాళ్లకు తెలీదు.

మా స్కౌట్ల ట్రూపు, గైడ్‌ల జట్టు (కంపెనీ అంటారు) కలిసి ఏటా అక్కడ సేవకు వెళ్లేవి. చెప్పుల స్టాండు, మంచినీళ్లు, తప్పిపోయిన పిల్లల కౌంటరు. మంచి పనులే. కానీ మేం పాతికమందిమి సముద్రానికి వీపు తిప్పి నిలబడేవాళ్లం. అంతమందిలో నీళ్లకేసి చూడటమే పనిగా పెట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు. బోటుతో గజ ఈతగాళ్లు ఉండేవారు గానీ, ఎవరో కేకలు పెడితేనే పరుగెత్తేవారు. ఆ కేక అందేలోపు ఎంత సమయం పోతుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

స్కౌటింగులో తీరం కాపలా కొత్త ఆలోచన కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్‌లో కోస్ట్‌గార్డ్ మనుషులు నౌకాదళానికి వెళ్లిపోతే వాళ్ల చోట్లలో వేలమంది స్కౌట్లు నిలబడ్డారు. 1994లో కార్న్‌వాల్ తీరంలో, మూసేసిన ఒక కోస్ట్‌గార్డ్ గస్తీ గది కిందే ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఆ తర్వాత స్థానికులు ఆ గదిని మళ్లీ తెరిచి, వాలంటీర్లతో నేషనల్ కోస్ట్‌వాచ్ ఇన్‌స్టిట్యూషన్ మొదలుపెట్టారు. బాస్ పాయింట్ వాళ్ల మొదటి స్టేషను. నన్ను పట్టుకున్నది ఈ రెండో కథ. సముద్రం అదే, రాళ్లు అవే, ఆ గది కూడా అక్కడే ఉంది. అందులో మనిషి లేడు, అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాన్ని దాచిపెట్టి పిల్లల్ని తీరానికి తీసుకెళ్లకూడదు. 1912 ఆగస్టులో లేస్‌డౌన్ దగ్గర లండన్ స్కౌట్ల పడవ బోల్తాపడి తొమ్మిదిమంది కుర్రాళ్లు పోయారు. ఉత్సాహం, యూనిఫాం, మంచి ఉద్దేశం అన్నీ ఉన్నాయి. అందుకే మా మొదటి రూలు ఒక్క వాక్యం: స్కౌటు పాదం తడవకూడదు. పని చూడటం, చెప్పటం, పొడి ఇసుక మీద నుంచి డబ్బా విసరటం. అంతవరకే. హెడ్మాస్టరు, తల్లిదండ్రులు, పోలీసులు ఒప్పుకున్నది కూడా ఆ వాక్యం చూసే.

ఆరు ఆదివారాలు

ఇరవై రెండు మంది పిల్లలు, పన్నెండు నుంచి పదిహేనేళ్ల లోపు. పెద్దవాళ్లం ముగ్గురం: నేను, గైడ్ కెప్టెన్ మేడం, పీఈటీ సారు. నిజానికి పాఠాలు చెప్పింది మాత్రం పాలెం పెద్దాయన ఒకరు, ఎనిమిదో తరగతిలో ఉన్న ఆయన మనవడు.

మొదటి ఆదివారం కిమ్స్ గేమ్‌తో మొదలుపెట్టాను. పళ్లెంలో ఇరవై నాలుగు వస్తువులు, ఒక నిమిషం చూడటం, గుడ్డ కప్పేశాక రాయడం. స్కౌటు అయిన ప్రతివాడికీ తెలిసిన ఆటే. అందరూ బాగానే రాశారు, నేనూ పొంగిపోయాను. బీచ్‌కి వెళ్లాక తెలిసింది, అక్కడ ఏదీ పళ్లెంలోలా కుదురుగా ఉండదని. దాంతో ఆట మార్చాం. పదిమంది పిల్లలు ఇసుకలో కలగాపులగంగా తిరుగుతుంటారు, నేను వెనక నుంచి ఒకరి భుజం తడతాను, ఆ ఒక్కరు చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకోవాలి. చూసేవాళ్లు "ఎవరు పోయారు?" అన్నది చెప్పాలి. మొదట్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఉన్నవాళ్లను చూడటం కన్ను దానంతటదే చేస్తుంది. లేనివాళ్లను చూడాలంటే ముందు లెక్క ఉండాలి.

నేను పైన చెప్పిన గైడ్ ఈ ఆటలో అందరికంటే ముందుంది. చీరాల వైపు నేత ఇంటి పిల్ల. అంకెలు లెక్కపెట్టదట, రంగులు పెట్టుకుంటుందట. "రెండు పసుపు, ఒక మెంతి రంగు, ఒక నీలం, నీలానికి ఎర్రంచు." పోయింది ఏ రంగో చెప్తే మనిషి ఎవరో దొరికినట్టే. మిగతా అందరికీ అదే పద్ధతి నేర్పించాం.

రెండో ఆదివారం నీళ్లు చదవటం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి దీని గురించి ఉన్నది పూర్తిగా తలకిందుల నమ్మకం. కెరటాలు పెద్దగా విరుగుతున్న చోట ప్రమాదమనీ, నీళ్లు నెమ్మదిగా ఉన్న చోట మంచిదనీ అనుకుంటాం. పెద్దాయన ఒక చోటు చూపించి, "ఇక్కడ దిగుతావా?" అని అడిగితే పిల్లలంతా ఊఁ అన్నారు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో పది పన్నెండు గజాల మేర నున్నగా, కొంచెం ముదురు రంగులో నీళ్లు. "అక్కడ కెరటం పడట్లేదంటే అడుగున ఇసుక లేదని. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే ఎనక్కి పోతన్నాయి" అన్నాడాయన.

విషయం అంతే. ఒడ్డుకు కొంచెం లోపల ఇసుక మేటలు ఉంటాయి. కెరటాలు వాటి మీద విరిగి నీటిని ఒడ్డు వైపు నెడతాయి. వచ్చిన నీరు తిరిగి పోవాలి కదా, మేటకు ఎక్కడ తెగు ఉంటే అక్కడి నుంచి పోతుంది. ఇంగ్లీషులో రిప్ కరెంట్ అంటారు. జోరు మీద ఉంటే సెకనుకు రెండు మీటర్ల దాకా లాగుతుంది. పోటీ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అయితే అది మనిషిని కిందికి గుంజదు, బయటికి మోసుకుపోతుంది. కెరటాలు విరిగే చోటు దాటాక దాని బలం తగ్గిపోతుంది. చచ్చిపోయేవాళ్లు ఎక్కువగా ఒడ్డుకేసి ఎదురీది, అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ ఉండి, లాగుడు సడలాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే బయటపడే అవకాశం ఉంది.

మనవడు ఒక కొబ్బరి బోండాం తెచ్చి నురగలోకి విసిరాడు. మూడు కెరటాల్లో మా కాళ్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఇంకోటి ఆ నున్నటి సందులోకి విసిరాడు. అది మేం చూస్తుండగానే లోపలికి వెళ్లిపోయింది. నేను బోర్డు మీద గీసిన బొమ్మ కన్నా ఆ రెండు బోండాలు బాగా చెప్పాయి.

మునిగేవాళ్లు ఎలా ఉంటారో కూడా అదే రోజు చెప్పాం. సినిమాలో లాగా చేతులు ఊపి "కాపాడండి" అని అరవరు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక అరవడానికి ఎక్కడిది? మనిషి నీళ్లలో నిటారుగా ఉంటాడు, తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి అదుముతుంటాయి. దూరం నుంచి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఇదంతా కొన్నిసార్లు నిమిషంలోపే అయిపోతుంది.

మూడో ఆదివారం కాపలా మాటలు. దిక్సూచితో బేరింగ్ చెప్పించాలని నా సరదా. స్కౌట్ల మూడో మెట్టు పరీక్ష తృతీయ సోపాన్‌కి పనికొస్తుందని కూడా ఆశపడ్డాను. పది నిమిషాల్లో వదిలేశాం. "నూట ముప్పై డిగ్రీలు" అంటే బోటులో ఉన్న ఈతగాడికి ఏం తెలుస్తుంది? దాని బదులు ఒడ్డు వెంట ముప్పై మీటర్లకొకటి చొప్పున ఏడు సరుగుడు గెడలు పాతి, ఉత్తరం నుంచి దక్షిణానికి నంబర్లు వేశాం. మాట ఇలా ఉండాలి: గెడ, కెరటం, మనిషి, ఏమైంది. "నాలుగో గెడ, రెండో కెరటం, ఎర్ర చొక్కా, తల వెనక్కి." ఇంతకు మించి ఒక్క మాట వద్దు. "సార్, అక్కడ ఒకాయన ఉన్నాడు కదండీ" అని మొదలుపెడితే మళ్లీ చెప్పించేవాణ్ణి. ఈ "మళ్లీ చెప్పు" అనే అలవాటు నాకే ఎదురు తిరుగుతుందని అప్పుడు తెలీదు.

మిగతా ఆదివారాల సంగతి క్లుప్తంగా. అయిదు లీటర్ల నూనె డబ్బాలో గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగించి, పదిహేను మీటర్ల నైలాన్ తాడు బోలైన్ ముడితో కట్టి విసరటం. ఖాళీ డబ్బా గాలికి తిరిగొస్తుంది, ఆ గ్లాసెడు నీళ్లే దానికి బరువు. ఒక కుర్రాడు జారిపోయిన డబ్బా కోసం మోకాలు లోతు పరుగెత్తాడు. వాణ్ణి తిట్టలేదు, లేస్‌డౌన్ కథ చెప్పి ఆ రోజుకి ఒడ్డున కూర్చోబెట్టాను. పీఈటీ సారు సీపీఆర్ (ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఇచ్చే ప్రథమ చికిత్స) చేయించారు. నీళ్లలో మునిగినవాళ్లకు ఊపిరి ఆడకే గుండె ఆగుతుంది, అందుకని ఒట్టి ఛాతీ నొక్కితే సరిపోదు, ముందు నోటితో ఊపిరి ఇవ్వాలన్నది పిల్లలకు బాగా ఎక్కించారు. బోర్లా పడుకోబెట్టి వీపు తొక్కడం, పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవన్నీ ఊపిరి ఇవ్వాల్సిన నిమిషాలను తినేసే పనులు. ప్రతి పిల్లవాడి జేబులో ఒక చీటీ: 112, అంబులెన్సుకి 108, మెరైన్ పోలీసులకు 1093, కోస్ట్‌గార్డుకు 1554.

మంచెలు, ఈలలు, ఎర్ర గుడ్డ

కాపలాకి మూడు చోట్లు. ఉత్తరం చివర, దక్షిణం చివర సరుగుడు గెడలతో ఎనిమిదడుగుల మంచెలు కట్టాం, జొన్న చేలో పిట్టల కాపలాకి కట్టినట్టే. ఎత్తు ఎందుకంటే దూరం చూడటానికి కాదు, జనం తలల మీద నుంచీ కెరటం వెనక్కీ చూడటానికి. మధ్యలో ఒడ్డుకు లాగి ఉంచిన పాత నావ మీద మూడో జట్టు. నా చోటు ఆ నావ పక్కన. ఒక్కో చోట ఇద్దరు, ఇరవై నిమిషాలకు మార్పు. అరగంట దాటితే కన్ను తెరుచుకునే ఉంటుంది గానీ చూడదు. 1948లోనే మాక్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, రాడార్ తెరలు చూసేవాళ్ల కోసం చేసిన ప్రయోగంలో ఇది తేల్చాడు.

సైగలకు ఈలలు అనుకున్నాం. స్కౌటింగులో ఈల అంటే ఒక భాష: ఒక పొడుగు ఊదు అయితే ఆగి విను, పొట్టివి వరసగా వస్తే దగ్గరికి రా, పొడుగూ పొట్టీ కలిపి ఊదితే ప్రమాదం. తీరా తెల్లవారుజామున వెళ్లి చూస్తే తిరనాళ్ల బళ్లన్నీ పీపీ బూరలు, ఈలలే. ఊళ్లో పిల్లలందరూ ప్రమాద సైగలు చేస్తున్నారు. అయిదింటికల్లా ఈలలు జేబుల్లో పెట్టించేశాను. జనం ఎక్కువైతే సెల్‌ఫోన్లు ఎలాగూ కలవవు. మిగిలినవి జెండాలు, పరుగెత్తే కుర్రాళ్లు. పసుపు జెండా లేస్తే అనుమానం, ఎర్ర జెండా లేస్తే బోటు కదలాలి. పసుపు కాపలావాళ్లు ఎత్తుతారు. ఎర్రది నా చేతిలో ఉంటుంది. ఈ చివరి ఏర్పాటు గుర్తుపెట్టుకోండి.

ఎర్ర గుడ్డ కథ ఇంకోటి. ముందు రోజు పెద్దాయన, మనవడు కలిసి నాలుగు, అయిదు గెడల మధ్య తెగు ఉందని తేల్చారు. ఎవరూ దిగకుండా ఆ రెండు గెడలకూ ఎర్ర గుడ్డలు కట్టించాను. తెల్లవారుజామున నాలుగున్నరకు టార్చి వేసి చూస్తే ఆ గెడలకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మొదట్లో దీపాలు వెలిగించి ఉన్నాయి. ఇసుకలో పాతిన గెడకు ఎర్ర గుడ్డ కనిపిస్తే మన ఆడవాళ్లు ఇంకేం చేస్తారు? అన్నిటికంటే ప్రమాదమైన చోటుకి నేనే గుడి కట్టిపెట్టినట్టయింది. గుడ్డలు విప్పేసి, రెండు గెడల మధ్య తాడు కట్టి, ఇద్దరు గైడ్‌లను నిలబెట్టాం. "ఇక్కడ ప్రమాదం, దిగకండి" అంటే "చెప్పొచ్చావులే" అన్నారు. మేడం ఆ పిల్లల చేత "అమ్మమ్మా, ఇక్కడ గుంట ఉంది" అనిపించారు. గుంట అనగానే చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి వచ్చారు.

చీకట్లో ఆ తెగు ఇంకా ఉందో లేదో ఎలా తెలియాలి? ఇక్కడ మనవడు చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటే. అరటి దొప్పల్లో వదిలిన దీపాలు మొదటి కెరటానికే ఆరిపోతున్నాయి. దొప్పలు మాత్రం తేలుతున్నాయి. ఆరింటికి కాస్త వెలుగు వచ్చేసరికి వాడు అన్నాడు: "సారూ, అన్ని దొప్పలూ ఒడ్డుకొచ్చి పడతన్నాయి. నాలుగో గెడ కాడయ్యి మాత్రం లోనికే పోతన్నాయి." చూశాం. నిజమే.

ఏడు గంటల పన్నెండు నిమిషాలు

సూర్యుడు ఆరుంపావు దాటాక వచ్చాడు. మా తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. నవంబర్ చివర్లో సూర్యుడు లేచేది కూడా ఇంచుమించు అటే. అంటే ఒడ్డు మధ్యలో నిలబడి సముద్రం చూసేవాడికి ఏడింటికి కనిపించేది నీళ్లు కాదు, కరిగిన వెండి. తలలన్నీ నల్ల చుక్కలు. ఇది నేను ముందే ఆలోచించాల్సింది. ఆరు ఆదివారాల శిక్షణా సాయంత్రం నాలుగింటికి పెట్టాను, సూర్యుడు మా వీపున ఉన్నప్పుడు! తూర్పు తీరంలో ఉండి తెల్లవారే వెలుగును లెక్కలోకి తీసుకోకపోవడం నాకు సిగ్గుగానే ఉంది.

ఉత్తరం మంచె మీద మాత్రం సంగతి వేరు. అక్కడి నుంచి ఒడ్డు వెంబడి దక్షిణానికి చూస్తే సూర్యుడు ఎడమ భుజం వెనకకు పోతాడు. రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. నేత ఇంటి పిల్ల ఉన్నది అక్కడే.

మూడో గెడ దగ్గర ఏడుగురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని దిగారు. ఒకే కుటుంబం. ఆ పిల్ల రంగులు పెట్టుకుంది. వాళ్లు మునుగుతూ లేస్తూ నీటి వాలుకి నెమ్మదిగా దక్షిణానికి జరిగారు. నవంబర్‌లో మా దగ్గర నీళ్లు అటే నడుస్తాయి. తాడు కట్టింది ఒడ్డున, నీళ్లలో తాడు లేదు కదా, నడుం లోతులో జరిగేవాళ్లను గైడ్‌లు ఆపలేకపోయారు. ఒక కెరటం వచ్చి చేతులు విడిపోయాయి. లేచి నవ్వుకున్నారు. ఆకుపచ్చ జాకెట్టు, పసుపు చీర లేదు.

పసుపు జెండా లేచింది. కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి మాట చెప్పాడు, నేర్పినట్టే. నేను సముద్రం కేసి చూశాను. వెండి. ఏమీ కనపడలేదు. "సరిగ్గా లెక్కపెట్టిందా? ఒడ్డుకి వచ్చేసి ఉంటుంది, మళ్లీ చూడమను" అన్నాను.

వాడు వెనక్కి పరుగెత్తాడు. ఆ పిల్ల మళ్లీ లెక్కపెట్టింది. వాడు మళ్లీ వచ్చాడు. నేను ఎర్ర జెండా ఎత్తినప్పుడు లాగ్‌లో టైము 7:14.

బోటు మాత్రం 7:13కే నీళ్లలో ఉంది. పాలెం గజ ఈతగాడు ఒకాయన నా జెండా కోసం చూడలేదు. కుర్రాడి ముఖం చూశాడట, వాడు నా దగ్గర్నుంచి వెనక్కి పరుగెత్తడం చూశాడట. "పసుపు జెండా లేసింది, పిలగాడు రొప్పుతున్నాడు, ఇంకేం గావాల" అని తర్వాత చెప్పాడు.

ఆమె నాలుగు, అయిదు గెడల మధ్య తెగులోంచి కెరటాలు దాటి బయటికి వెళ్లిపోయారు. బోటు వెళ్లేసరికి వెల్లకిలా తేలుతున్నారు. చిన్నప్పుడు ఊరి చెరువులో ఈత నేర్చుకున్నారట. మా కాపలా కన్నా ముందు ఆమెను బతికించింది ఆ చెరువు. బోటు లేట్ అయి ఉంటే అది కూడా చాలేది కాదు, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని ఉంది. 7:19కి ఒడ్డుకు తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి, దగ్గుతున్నారు, ఊపిరి ఆడుతోంది. జనంలోంచి ఇద్దరు ముగ్గురు పొట్ట నొక్కడానికి వచ్చారు. మేడం అడ్డు నిలబడి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పొడి దుప్పట్లు కప్పారు. కాసేపటికి "నాకేం లేదు, ఇంటికి పోదాం" అన్నారామె. పంపలేదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళితే కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు. 108లో ఆస్పత్రికి పంపించాం. ఒక రోజు ఉంచుకుని పంపారు.

సాయంత్రం సామాను సర్దేటప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "సార్, మళ్లీ లెక్కపెట్టమన్నారెందుకు?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఎక్కడ తప్పాం

మధ్య జట్టు చూడలేదు. ఎండ ఒక కారణం. రెండోది, వాళ్లు అప్పటికి ముప్పై అయిదు నిమిషాలుగా నావ మీదే ఉన్నారు. మార్పుకి రావాల్సినవాడు ఉప్మా లైన్లో ఉన్నాడు. వాణ్ణి అనలేం, తెల్లవారుజామున మూడింటికి లేచిన పిల్లవాడు. టిఫిన్ టైమును డ్యూటీ చార్టులో వేయనిది నేను.

అసలు తప్పు ఆ రెండు నిమిషాలు. నేనెందుకు నమ్మలేదో చాలాసార్లు ఆలోచించాను. లాగ్ తిరగేస్తే జవాబు అందులోనే ఉంది. అయిదున్నర నుంచి ఏడు లోపు మూడు మాటలు వచ్చాయి. ఒకటి కొట్టుకొచ్చిన కొబ్బరి బోండాం. ఇంకోటి కుక్క. మూడోది, ఒక చోట దిగి ఇంకో చోట ఒడ్డెక్కిన ముసలాయన. మూడుసార్లూ ఎర్ర జెండా ఎత్తాను, మూడుసార్లూ బోటు ఊరికే వెళ్లి వచ్చింది. మూడోసారి ఒక పెద్దమనిషి "పిల్లకాయలకు ఆటలాగుంది" అని నవ్వాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. నాలుగో మాట వచ్చేసరికి నేను సముద్రానికి కాదు, ఆ నవ్వుకి జవాబు చెప్తున్నాను.

పైగా ఎర్ర జెండాను ఒక్కడి చేతిలో పెట్టడం. ఎండ కళ్లలో కొడుతున్న చోట నిలబడి, ఏమీ కనపడని మనిషి, బాగా కనిపిస్తున్న మనిషి మాటకు ఆమోదముద్ర వేయాలన్నమాట! ఆఫీసు పద్ధతి అది, కాపలా పద్ధతి కాదు. ఇక "మళ్లీ చెప్పు" అన్నది మాస్టారి రోగం. క్లాసులో తప్పు దిద్దడానికి పనికొచ్చేది తీరంలో ప్రాణం మీదికి వచ్చింది.

పాలెం ఈతగాడికి ఈ ఇబ్బంది ఎందుకు లేదు? అతను పన్నెండేళ్ల నుంచి వేటకు పోతున్నాడు. బోటులో ముందు కూర్చున్న పిల్లవాడు "అదిగో" అంటే చుక్కాని పట్టుకున్నవాడు తిప్పేస్తాడు, ఏమిటని తర్వాత అడుగుతాడు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, అతనే చెప్పాడు.

మార్చినవి

ఎర్ర జెండాలు ఇప్పుడు మూడు, మూడు చోట్లా కాపలా పిల్లల చేతుల్లోనే ఉంటాయి. మాట, జెండా ఒకేసారి. ప్రశ్నలు బోటు తిరిగొచ్చాక. వచ్చిన మాట ఉత్తదైతే లాగ్‌లో రాసి, రాయించిన పిల్లకు "మంచిది" అని చెప్పాలి, పెద్దవాళ్లు ఎవరైనా సరే. మధ్య జట్టును ఉదయం తొమ్మిది దాకా తీసేశాం. ఆ పిల్లల్ని ఉత్తరం మంచెకు కలిపాం. దక్షిణం మంచె ఉండాలి, కొట్టుకుపోయేది అటే కాబట్టి. శిక్షణ తెల్లవారుజామున.

తెగు మ్యాపు మాత్రం వారం రోజులే నిలిచింది. డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీళ్లు తగ్గాక వెళ్లి చూస్తే మా మంచెలు లేవు, గెడలు లేవు, ఒడ్డు ఆకారమే వేరు. నాలుగు, అయిదు మధ్య ఉన్న తెగు పూడిపోయి, బాగా దక్షిణాన కొత్తది పడింది. పిల్లలు ఎంతో శ్రద్ధగా రంగులేసి గీసిన ఛార్టు స్టాఫ్ రూంలో ఉంది, దాని మీద "పాతది" అని రాసిపెట్టాం. ఇప్పుడు ప్రతిసారీ ముందు రోజూ, ఆ రోజు వెలుగు రాగానే మళ్లీ బోండాం విసిరి చూస్తాం.

2024 ఫిబ్రవరి 24, మాఘ పౌర్ణమి. బోటు అయిదుసార్లు వెళ్లింది, అయిదుసార్లూ ఉత్తదే. బోటువాళ్లు విసుక్కుంటారని భయపడి టీ తీసుకెళ్లాను. "మడిసి దొరక్కుండా తిరిగొస్తే నష్టమేంది సారూ" అన్నాడు అదే ఈతగాడు.

తేలనిది ఒకటి మిగిలింది, చీకటి. నాలుగున్నర నుంచి ఆరు దాకా వందలమంది దిగుతారు, మా పిల్లలకు ఏమీ కనపడదు. పెద్ద టార్చిలు వేసి చూశాం, నురగ మీద పడిన వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతోంది. బ్రాహ్మీ ముహూర్తం అంటే జనం మా మాట వినరు. మాఘానికి ముందు మేడం వెళ్లి ఒడ్డున సంకల్పం చెప్పించే పురోహితుడితో మాట్లాడారు. ఆయన మొదట నవ్వారు. ఆ రోజు మాత్రం మైకు తీసుకుని, "వెలుగు రానివ్వండి, సూర్యుడికి అర్ఘ్యం ఇస్తూ దిగుదురుగాని. అప్పటిదాకా నేను సంకల్పం చెప్పను" అన్నారు. సగం మంది ఒడ్డున కూర్చుండిపోయారు. మిగతా సగం పక్క పురోహితుడి దగ్గరికి వెళ్లారు. వచ్చే కార్తీకానికి ఆయనతో కూడా మాట్లాడాలి.